ఆగకుండా ఒక్కసారి

కిరాయి ఇల్లు కాబట్టి మాస్టారి శవాన్ని గడప లోపలికి తేనివ్వలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చి, యూసుఫ్‌గూడలో వాళ్ళ గల్లీ మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన శామియానా వేసి, ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టారు. పక్కనుంచి ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. పోయిన మనిషికి, అన్నేళ్ళు కిరాయి కట్టిన ఇంట్లో ఒక్క గంట చోటు లేదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటి ఓనరు మాత్రం పెద్ద దండే తెచ్చాడు. "మంచి మనిషమ్మా. ఏనాడు గట్టిగ మాట్లాడలే" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. దండ వేశాడు, దణ్ణం పెట్టాడు, లోపలికి మాత్రం వద్దన్నాడు.

వాద్యకారుల సంఘం నుంచి వచ్చిన ఒకతను నన్ను పక్కకు పిలిచాడు. "టీచర్ గారూ, మాస్టారు ఏయే సినిమాలకు వాయించారో చెప్తారా అండీ? ఫ్లెక్సీ మీద వేద్దామంటే ఒక్క పేరూ దొరకట్లేదు." నాకు తెలియదన్నాను. మాస్టారి భార్యను అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చివరికి 'ప్రముఖ ఫ్లూటు కళాకారులు' అని వేయించి ఊరుకున్నారు.

నిజానికి ఆ సంగతి ఆయనకే తెలియదు. రికార్డింగ్ థియేటర్ నుంచి ఫోను వస్తుంది, వెళ్తాడు. అద్దాల గదిలో ఒక్కణ్ణే కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. పల్లవికీ చరణానికీ మధ్య ఒక ముక్క వాయిస్తాడు. దాన్ని బిట్ అంటారు. ఎక్కడైనా స్వరం పొల్లుపోతే ఎడమ చెయ్యి పైకెత్తుతాడు. అద్దానికి అవతల ఉన్న ఇంజనీరు ఆపేసి, తప్పు పోయిన చోటికి కాస్త ముందు నుంచి మళ్ళీ వినిపిస్తాడు. అక్కణ్ణుంచి అతికించి వాయించాలి. అది అయ్యాక ఇంకో సినిమా, ఇంకో ముక్క. పాడేదెవరో, అది పెళ్ళి పాటో ఏడుపు పాటో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మద్రాసులో అలాగే వాయించాడు. పరిశ్రమ ఇటు తరలివచ్చాక ఫిల్మ్‌నగర్‌లోనూ అలాగే వాయించాడు. "ఇరానీ హోటల్ల చాయ్ తాగుతుంటె రేడియోల నా బిట్ వస్తది టీచరమ్మ. ఓహో, గిదా పాట, అనుకుంట" అనేవాడు. అందులో ఫిర్యాదు ఉండేది కాదు. ఫిర్యాదు చేయడం ఆయనకు చేతకాదు. అది నా శాఖ.

ఆయన వాయించేది వెదురు వేణువు కాదు, వెండిలా మెరిసే ఇంగ్లీషు ఫ్లూటు. సన్నటి మనిషి. పొట్టి చేతుల చొక్కా, జేబులో అందరికీ పెన్ను ఉండే చోట పళ్ళు తోముకునే బ్రష్షు. పళ్ళు తోముకోకుండా ఫ్లూటు ముట్టేవాడు కాదు. మెతుకు తునక గొట్టంలోకి పోతే పాపమన్నట్టు ఉండేది ఆయన వరస. థియేటర్ బయట కుళాయి దగ్గర నురగ నోటితో నిలబడి ఉంటే డ్రమ్సు వాయించే కుర్రాళ్ళు "మాస్టారికి ఇప్పుడు తెల్లారింది రోయ్" అని ఏడిపించేవాళ్ళు. ఆయన ఆ నురగలోంచే నవ్వేవాడు. బస్సు దిగి ఫిల్మ్‌నగర్ ఎత్తంతా నడిచే వచ్చేవాడు. ఎవరైనా బండి ఆపితే వద్దని చెయ్యి ఊపేవాడు. ఎత్తు ఎక్కాక మాట తడబడకుండా వస్తే ఆ రోజు ఊపిరి బాగున్నట్టట.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది బందరు. మా నాన్న చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఆయన తర్వాత నేను వాయించాను. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక జూబ్లీహిల్స్ ఇళ్ళలో పిల్లలకు పియానో నేర్పడం నా బతుకుతెరువు. ఆ ఇళ్ళలో సగం పియానోలు ఫొటోలు పెట్టుకోవడానికి కొన్నవే. మిగతా సగం షూటింగులకు ఇల్లు అద్దెకిచ్చినప్పుడు హీరోయిన్ ఆనుకుని నిలబడటానికి.

ఒకసారి ఏదో టైటిల్ మ్యూజిక్‌కు నిజమైన పియానో కావాలని నన్ను థియేటర్‌కు పిలిచారు. మధ్యలో చాయ్ తాగుతుంటే ఈయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"మీకు నొటేషన్ చదువుడు వస్తదా?"

ఆ ప్రశ్న కనిపించిన ప్రతి కీబోర్డు మనిషినీ అడుగుతాడని తర్వాత తెలిసింది. వాళ్ళు "నొటేషన్ ఎందుకు మాస్టారూ, ఓసారి హమ్ చెయ్యండి, పట్టేస్తాం" అనేవాళ్ళట. పట్టేస్తారు కూడా, వాళ్ళ చెవులు అలాంటివి. కానీ ఆయనకు కావలసింది చెవితో పట్టేది కాదు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించేది.

"వస్తుందండీ" అన్నాను.

"రెండు చేతులది? మొత్తం?"

"మొత్తం చదువుతాను. దేనికండీ?"

ఆయన చాయ్ కప్పు గోడ మీద పెట్టి, నాకు రెండు చేతులూ జోడించాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి గుమ్మం ముందున్నాడు, చంకలో చీరల కొట్టు ప్లాస్టిక్ సంచీతో. అందులో పసుపు పచ్చగా మారిపోయిన నొటేషన్ కాగితాలు. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. పైన ఫ్రెంచి అక్షరాలు. ఫ్లూటుకూ పియానోకూ కలిపి రాసిన సంగీతం.

వాళ్ళ నాన్న నిజాం ఫౌజు బ్యాండులో ఫ్లూటు వాయించేవాడట. బ్యాండ్ మాస్టరు గోవా ఆయన. ఆయన భార్య పియానో వాయించేది. ఇంటికి పిలిచి ఆవిడ పక్కన నిలబెట్టి ఈయన నాన్నకు ఆ ఫ్రెంచి సంగీతం నేర్పారట. పోలీస్ యాక్షన్ అయింది, ఫౌజు పోయింది, బ్యాండూ పోయింది. వాళ్ళు ఊరు విడిచి వెళ్తూ ఫ్లూటూ, ఈ కాగితాలూ ఇచ్చి వెళ్ళారు. నాన్న పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఊదుకుంటూ బతికాడు. ఇంట్లో మాత్రం సాయంత్రాలు ఫ్లూటు తీసి అదొక్కటే వాయించేవాడట, పియానో లేకుండా.

"బాపు వాయించుకుంట వాయించుకుంట మధ్యల ఊకుంటుండె. చానసేపు. గోడ దిక్కు చూస్తుండె. మల్ల ఎత్తుకుంటుండె. మర్చిపోయిండు పాపం అనుకునేటోణ్ణి నేను" అన్నాడు మాస్టారు.

మర్చిపోవడం కాదు. అవి పియానో ఒక్కటే వాయించే చోట్లు. కాగితం మీద ఫ్లూటు గీతలో అక్కడ ఏమీ ఉండదు, ఖాళీ. ఆ ఖాళీలో ఏముంటుందో తండ్రి చెప్పలేదు, నోటితో చెబితే తెలిసేదీ కాదు. తండ్రి పోయాక ఫ్లూటుతో పాటు ఆ ఖాళీలు కూడా ఈయనకు వచ్చాయి. ఇక ఈయనకు ఒకటే కోరిక. పక్కన పియానో వాయించే మనిషితో, మొదటి నుంచి చివరిదాకా, ఆగకుండా, ఒక్కసారి.

మా ఇంట్లో పియానో లేదు. అది నా బతుకులో ఇంకో పరిహాసం. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇంట్లో ఆయన మనవరాలికి నేర్పేదాన్ని. ఆ పిల్ల హాస్టల్‌కు వెళ్ళిపోయాక కూడా నిర్మాత తల్లి, పెద్దమ్మగారు, నన్ను మానిపించలేదు. తెనాలి మనిషి, నోరూ మనసూ రెండూ పెద్దవే. "వారానికోసారి వచ్చి దాన్ని పలకరించి పోవే అమ్మాయ్. లేకపోతే నాలాగే ఓ మూల పడుంటుంది" అనేది. మాస్టారి సంగతి చెబితే "తీసుకురా. కాఫీ ఇంకో గ్లాసేగా" అంది.

మొదటి రోజు ఆయన గుమ్మంలోనే చెప్పులు విప్పి, బ్రష్షు తీసి, "కుళాయి యాడుంది?" అని అడిగాడు. పెద్దమ్మగారు నోరు తెరుచుకుని నావైపు చూసింది. పళ్ళు తోముకుని వచ్చి పియానో పక్కన నిలబడ్డాడు. మొదలుపెట్టాం. ఆయన ఫ్లూటు నెమ్మదిగా ఒక మాట అని ఆగింది. అక్కడ నాది. కాగితం మీద ఫ్రెంచిలో 'దూరం నుంచి వచ్చినట్టు' అని రాసుంది, ముందు రోజు నిఘంటువులో చూసుకున్నాను. మెత్తగా వాయించాను. మళ్ళీ ఆయన వంతు వచ్చింది. ఫ్లూటు పలకలేదు. తలెత్తి చూస్తే ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"గిదా... బాపు ఇన్నది గిదా" అన్నాడు. తర్వాత పెద్దమ్మగారు కుర్చీ వేసి కూర్చోబెట్టేదాకా నిలబడే ఏడ్చాడు. ఏడ్చే మగవాళ్ళను చూస్తే నాకు చిరాకు. ఆ రోజు చిరాకు రాలేదు.

ఆ ఫ్రెంచివాళ్ళ సంగీతం ఎలా ఉంటుందంటే, మన పాటల్లోలాగా ఒకరు ముందు, మిగతావాళ్ళు వెనక కాదు. ఇద్దరు పాత స్నేహితురాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకుంటారు. ముందు నిదానంగా సాగే భాగం, అక్కడ ఊపిరి కావాలి. తర్వాత పరుగెత్తే భాగం, అక్కడ వేళ్ళు కావాలి. అక్కడి సంగీత పాఠశాలల్లో పిల్లలకు పరీక్ష పెట్టడానికే ఇలాంటివి రాయించేవాళ్ళని ఎక్కడో చదివాను. చెబితే ఆయన నవ్వాడు. "అయితె నేను ఇంక పరీక్షల కూసున్న పోరగాణ్ణే అన్నట్టు."

పరీక్ష అక్కడే తప్పాడు.

ఆయనకు వాయించడం రాక కాదు. ఏ ముక్కకా ముక్క బంగారంలా వాయించేవాడు. కానీ సాగుతూ సాగుతూ ఒక చోట చిన్న స్వరం తొణికేది. నాకు తప్ప ఎవరికీ తెలియనంత చిన్నది. అంతే, ఎడమ చెయ్యి పైకి లేచేది. ఫ్లూటు కిందికి దిగేది. ఎదురుగా గోడ వైపు చూస్తూ, అక్కడేదో అద్దం ఉన్నట్టు, దాని వెనక ఎవరో మళ్ళీ వినిపిస్తారన్నట్టు నిలబడేవాడు.

"మాస్టారూ, ఆగకండి. తప్పు పోతే పోనీండి. సాగండి" అనేదాన్ని.

"ఆగొద్దనే అనుకుంటున్న టీచరమ్మ. చెయ్యి దానంతట అదే లేస్తున్నది."

నేను పెరిగింది చర్చిలో. అక్కడ ఆర్గన్ ఆగితే వెనక సంఘమంతా ఆగిపోతుంది. వేలు జారినా, కరెంటు పోయినా, మా నాన్న ఆగేవాడు కాదు. ఈయన పెరిగింది అద్దాల గదిలో. తప్పు పోతే ఆగడమే అక్కడ మర్యాద, సాగితే అందరి పనీ పాడు. మా ఇద్దర్నీ ఒక కాగితం ముందు నిలబెట్టాడు దేవుడు. నేను ఎన్ని విధాల చెప్పాను! కళ్ళు మూసుకుని వాయించమన్నాను. చెయ్యి కట్టేస్తానని బెదిరించాను. ఎడమ చెయ్యి లేకుండా ఫ్లూటు ఎట్లా వాయించాలని అమాయకంగా అడిగాడు. పెద్దమ్మగారు సోఫాలోంచి "ఏమయ్యా, తప్పు చెయ్యనివాడు లోకంలో ఉన్నాడా? మా వాడి సినిమాలు చూడలేదూ?" అని నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు.

ఒకరోజు కాఫీ గ్లాసు చేతిలో చల్లారిపోతుంటే అన్నాడు. "నాకు పాట ఎట్లుంటదో తెల్వదు టీచరమ్మ. ముక్కలే తెలుసు. బాపుకు పాట తెలుసు, వాయించెటందుకు మనిషి దొరకలే. నాకు మనిషి దొరికింది, పాట లేదు."

 సినిమా మీద, ఆ అద్దాల గదుల మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మనిషిని పిలిచి, వాడి ఊపిరిని గజాల చొప్పున కోసి వాడుకున్నారు. ఆ తర్వాత కీబోర్డులోనే ఫ్లూటు దొరకడంతో ఆ పిలుపులు కూడా ఆగిపోయాయి. ఆయన ఫోను మోగడం మానేసింది. ఎత్తు నడిచి వచ్చేవాడు మధ్యలో అరటిపళ్ళ బండి దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బని తేలింది. డాక్టరు ఇంకా వాయించవద్దనలేదు గానీ, ఎన్నాళ్ళో చెప్పలేమన్నాడు.

అప్పుడు పెద్దమ్మగారే పూనుకుంది. "ఇలా మీ ఇద్దరే గింజుకుంటే కాదు. నలుగురు కూర్చుంటే ఆ చెయ్యి లేవదు. సిగ్గు అనేది ఒకటి ఉంటుందిగా" అంది. కొడుకుతో చెప్పి ఒక సాయంత్రం ఏర్పాటు చేయించింది. నిర్మాత తన పద్ధతిలో నలుగుర్ని కాస్తా నలభై మందిని చేశాడు. తోటలో భోజనాలు, హాల్లో కుర్చీలు. ఒక సంగీత దర్శకుడు కూడా వచ్చాడు. మాస్టారు ఇస్త్రీ సఫారీ తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఆ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు పక్కన నిలబడింది.

మొదలుపెట్టాం. ఆ రోజు ఆయన వాయించినట్టు నేను ఎవరి దగ్గరా వినలేదు. నిదానపు భాగం మొత్తం సాగింది. నేనొక్కదాన్నే వాయించే ఖాళీల్లో ఆయన గోడ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఎప్పుడూ ఆగే చోటు దాటాడు. పరుగెత్తే భాగంలోకి వచ్చాం.  ప్రభువా, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ వాయిస్తున్నాను. రెండో పేజీ తిరగేసేసరికి ఒక్క స్వరం జారింది. అంతే. ఎడమ చెయ్యి పైకి లేచింది.

నేను ఆపలేదు. వాయిస్తూనే ఉన్నాను, అందుకుంటాడేమోనని. కంటితో సైగ చేశాను. ఆయన ఫ్లూటు దించి, చెయ్యెత్తి, ఎదురుగోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ముందు వరుసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. చెయ్యెత్తితే అయిపోయిందని, దణ్ణం పెడుతున్నాడని అనుకున్నారు. హాలంతా చప్పట్లు. నా పియానో అందులో మునిగిపోయింది. లేచి నిలబడి మరీ కొట్టారు కొందరు. సంగీత దర్శకుడు వచ్చి ఆయన భుజం తట్టాడు. "అద్భుతం మాస్టారూ! ఆ మొదటి బిట్ ఉంది చూశారూ, ఎక్కడైనా వాడుకుందాం."

"సరె సార్" అన్నాడు మాస్టారు.

అందరూ భోజనాలకు లేచారు. తలుపు పక్క నుంచి ఆయన భార్య మెల్లగా నా దగ్గరికి వచ్చింది. నొటేషన్ చదవడం కాదు, ఏ చదువూ లేని మనిషి. కానీ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఫ్లూటును గోడ అవతల నుంచి వింటూనే ఉంది.

"అమ్మా, ఇంక ఉండె గద? సగమే అయింది గద?" అంది.

ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసింది మా ముగ్గురికీ, పెద్దమ్మగారికీ మాత్రమే. ఆయన భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. 

ఆ తర్వాత వర్షాలు వచ్చాయి, దగ్గు ముదిరింది. ఇక ఊదితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు ఖాయం చేశాడు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు పెట్టారు. నేను రెండు మూడు సార్లు వెళ్ళి చూశాను. ఫ్లూటు గురించి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ప్రార్థన చేసి వచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే ఏం అడగాలో దేవుణ్ణి, అది కూడా తోచేది కాదు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మగారి ఇంటి ముందు ఆటో ఆగింది. భార్య చెయ్యి పట్టుకుని దించింది. ఎముకల గూడులా ఉన్నాడు. చేతిలో ఫ్లూటు పెట్టె చూసి నాకు భయం వేసింది.

"మాస్టారూ, వద్దండీ. డాక్టరు..."

"ఊద టీచరమ్మ. ఫికర్ చెయ్యకుండ్రి. మీరు వాయించుండ్రి. నేను కూసుంట."

పియానో పక్కన కుర్చీ వేశారు. ఆయన ఫ్లూటు ముక్కలు బిగించి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చేతుల్లోకి తీసుకున్నాడు గానీ పెదవికి ఆనించలేదు, గడ్డం కింద పట్టుకున్నాడు. తల ఊపాడు. నేను మొదలుపెట్టాను. నా భాగం మాత్రమే. ఆయన పలకవలసిన చోట నాకు వేళ్ళు కదలడం మాత్రమే కనిపిస్తోంది. మీటల మీద చర్మం ఆనిన చప్పుడు, అంతే. ఊపిరి తీసుకోవలసిన చోటల్లా ఆ పాడైపోయిన ఊపిరితిత్తులతో ఊపిరి తీసుకుంటున్నాడు. కొన్ని చోట్ల చాలక, సగంలో తెగిపోతోంది. నిదానపు భాగం అయింది. పరుగెత్తే భాగం వచ్చింది. రెండో పేజీ తిప్పాను. ఆయన చేతుల వైపు చూడటానికి ధైర్యం చాలలేదు, కాగితం మీదే కళ్ళు పెట్టాను.  

చివరి స్వరం వాయించి చేతులు తీశాను.

ఆయన ఫ్లూటు ఒళ్ళో దించుకున్నాడు. మొహమంతా చెమట. రొప్పుతున్నాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆ మొహంలో అంత సంతోషం నేను ముందెప్పుడూ చూడలేదు, ఆ సంతోషం చూసి నాకు ప్రాణం పోయినంత పనయింది.

"చూసిండ్రా టీచరమ్మ" అన్నాడు. "ఈసారి యాడ ఆగలే."

"అవును మాస్టారూ, ఎక్కడా ఆగలేదు" అన్నాను. ఇంకేమనను?